కథలో పైకి కనిపించేదీ, లోపల ఉన్నదీ: పాఠకుడికి సత్యం ఎలా తెలుస్తుంది?

1857 జనవరి 29న పారిస్ న్యాయస్థానంలో ఎర్నెస్ట్ పినార్ అనే ప్రభుత్వ న్యాయవాది ఒక నవలలోని పేరాలను న్యాయమూర్తుల ముందు చదివి వినిపించాడు. ఆ నవల గుస్తావ్ ఫ్లోబేర్ రాసిన 'మదాం బోవరీ'. అంతకు ముందు ఏడాది చివరి నెలల్లో అది ఒక పత్రికలో ధారావాహికగా వెలువడింది. ప్రజల నీతికీ మతానికీ భంగం కలిగించిందన్నది దాని మీద వచ్చిన ఆరోపణ. పినార్ తప్పుపట్టిన ఘట్టాల్లో ఒకటి ఇది: భర్త కాని మనిషితో సంబంధం మొదలైన రోజున కథానాయిక ఎమ్మా అద్దంలో తన ముఖం చూసుకుని పొంగిపోతుంది. ఇన్నాళ్లూ అందకుండా పోయిన ప్రేమానందం ఇక తనదేననీ, అంతా పరవశమే అయిన ఒక అద్భుత లోకంలోకి తాను అడుగుపెడుతున్నాననీ అక్కడి వాక్యాలు చెబుతాయి. రచయిత వ్యభిచారాన్ని కీర్తిస్తున్నాడని పినార్ వాదించాడు. ఫిబ్రవరి 7న న్యాయస్థానం ఫ్లోబేర్‌ను నిర్దోషిగా వదిలిపెట్టింది గానీ, ఆ వాదన వెనకున్న గందరగోళం మాత్రం అక్కడితో తీరలేదు. ఆ వాక్యాలు ఎవరివి? రచయిత నమ్మకమా, ఎమ్మా భ్రమా? పైకి కథకుడి గొంతుతో వినిపిస్తున్న మాట లోపల పాత్ర మనసుదైతే, ఆ సంగతి చదివేవాడికి ఎలా తెలియాలి?

ఈ ప్రశ్న ఈనాటికీ ప్రతి తరం పాఠకులకూ ఎదురవుతూనే ఉంది. పాత్ర అన్న మాటను రచయిత అభిప్రాయంగా పట్టుకుని నిలదీసేవారు ఉన్నారు. మంచివాడనుకున్న పాత్ర చివర్లో మరోలా తేలితే రచయిత మోసం చేశాడనేవారు ఉన్నారు. 'అసలు జరిగిందేమిటో చెప్పకుండా కథ ముగించాడు' అని విసుక్కునేవారూ ఉన్నారు. ఈ మూడు ఫిర్యాదుల అడుగునా ఒకే ఊహ ఉంది: కథలో పైపొర ఒకటి, దాని కింద సత్యం ఒకటి ఉంటాయని, పైపొరను ఒలిచి సత్యాన్ని చేతిలో పెట్టడమే రచయిత పని అని. ఈ ఊహ కొన్ని కథలకు చక్కగా సరిపోతుంది, కొన్నింటికి సగమే సరిపోతుంది, కొన్నింటికి బొత్తిగా సరిపోదు. ఎందుకో తెలియాలంటే, మనం ఒకే పేరుతో పిలుస్తున్న ఈ దూరం నిజానికి ఎన్ని రకాలుగా ఉంటుందో ముందు చూడాలి.

పేరు దాచడం, బుద్ధి దాచడం, తన నుంచి తానే దాక్కోవడం

అన్నిటికంటే పాతది, సులువుగా అర్థమయ్యేది మారువేషం. విరాటుడి కొలువులో నాట్యం నేర్పుతున్న బృహన్నల అర్జునుడు. ఇక్కడ దాచినది ఒక వాస్తవం, అంటే ఒక పేరు, ఒక పుట్టుక, ఒక గతం. దాన్ని రుజువు చేయవచ్చు. జమ్మిచెట్టు మీది ఆయుధాలు దించి, తన పది పేర్లూ చెప్పగానే ఉత్తరకుమారుడి సందేహం తీరిపోతుంది. కర్ణుడి జన్మరహస్యం కూడా ఈ కోవలోదే, అయితే అక్కడ రహస్యం బయటపడ్డాక బాధ మొదలవుతుంది. అరిస్టాటిల్ తన 'పొయెటిక్స్'లో ఇలాంటి ఘట్టానికి, అంటే తెలియనితనం నుంచి తెలివిడిలోకి వచ్చే మలుపుకు, ప్రత్యేకంగా పేరు పెట్టి చర్చించాడు. ఆ గుర్తింపు, తలరాత తిరగబడడం ఒకే క్షణంలో జరిగితే అది ఉత్తమమని చెప్పి, ఈడిపస్ నాటకాన్ని ఉదాహరణగా చూపాడు. లైయస్ రాజును చంపినవాడెవరో వెతుకుతూ బయలుదేరిన ఈడిపస్‌కు హంతకుడు తానేనని తేలుతుంది.

రెండోది ముసుగు. ఇక్కడ పేరూ ఊరూ అందరికీ తెలిసినవే, దాచినది ఉద్దేశం. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం'లో గిరీశం సంఘసంస్కరణ గురించి, వితంతు వివాహాల గురించి ఉపన్యాసాలు దంచుతాడు, ఆ ఉపన్యాసాలు అతనికి ఎక్కడ ఏ పనికి అవసరమో అక్కడికి తగినట్టు మారుతుంటాయి. మారువేషానికి, ముసుగుకు తేడా చిన్నదేమీ కాదు. మారువేషం తొలగితే కింద ఒక మనిషి ఉంటాడు. ముసుగు తొలగితే కింద ఏముందో అంత తేలిగ్గా చెప్పలేము, ఎందుకంటే ఉద్దేశాలకు జమ్మిచెట్టు మీద సాక్ష్యాలు ఉండవు. గిరీశం పచ్చి మోసగాడా, అవకాశవాదే అయినా మాటల మీద నిజమైన మోజు ఉన్నవాడా అన్న విషయంలో విమర్శకులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

మూడోది ఆత్మవంచన. ఇక్కడ దాచేవాడూ, దాపరికానికి గురయ్యేవాడూ ఒక్కరే. అసూయను న్యాయబుద్ధి అనుకునేవాడు, పిరికితనాన్ని ఓర్పుగా భావించేవాడు ఎవరినీ మోసం చేయడం లేదు, ముందు తానే మోసపోతున్నాడు. పై రెండింటిలో పాత్రకు తెలిసినది పాఠకుడికి తెలియకపోవచ్చు, ఇక్కడ పాత్రకే తెలియనిది పాఠకుడు తెలుసుకోవాలి. ఆధునిక నవల ఎక్కువ శ్రమ పెట్టింది ఈ మూడోదాని మీదే. తెలుగులో గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లోని సీతారామారావు, రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి'లోని సుబ్బయ్య మన మనసులో నిలిచిపోయింది ఏదో రహస్యం బయటపెట్టినందుకు కాదు. తమ బలహీనతకు తమకు తాము చెప్పుకునే సంజాయిషీలను ఆ రచయితలు అంత దగ్గరగా వినిపించగలిగారు.

కథకు మాత్రమే ఉన్న ఒక అధికారం

నిత్యజీవితంలో మనం వాడే వాక్యాలను గమనిస్తే ఒక సంగతి తడుతుంది. 'నాకు భయం వేసింది' అని ఎవరైనా అనవచ్చు. పక్కమనిషి గురించి మాట్లాడేటప్పుడు మాత్రం 'అతనికి భయం వేసినట్టుంది', 'భయపడ్డాడు కాబోలు', 'భయపడ్డాడట' అంటాం. ఎదుటివాడి మనసు మనకు కనబడదు కనుక, ఆ అనుమానాన్నో, విన్నామన్న సంగతినో వాక్యంలోనే ఒప్పుకుంటాం. కథకుడికి మాత్రం ఈ మొహమాటం లేదు. 'అతనికి భయం వేసింది, కానీ ఆ భయం దేనికో అతనికే తెలియలేదు' అని నిర్మొహమాటంగా రాస్తాడు, ఎలా తెలిసిందని మనమూ అడగము. జర్మన్ సాహిత్య సిద్ధాంతకర్త కేటె హాంబుర్గర్ 1957లో ప్రచురించిన గ్రంథంలో ఈ విషయాన్నే కాల్పనిక గద్యపు అసలు లక్షణంగా ప్రతిపాదించింది: మూడో మనిషిని మూడో మనిషిగానే ఉంచుతూ, అతని అనుభవాన్ని లోపలి నుంచి చూపగల చోటు కథ ఒక్కటే అని. అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1927లో, ఇ. ఎం. ఫోర్‌స్టర్ తన నవలా ప్రసంగాల్లో దీనికి దగ్గరి మాటే చెప్పాడు. జీవితంలో ఒకరినొకరం పూర్తిగా ఎరగలేమనీ, నవలలోని మనుషులను మాత్రం రచయిత తలచుకుంటే పూర్తిగా తెలుసుకోగలమనీ ఆయన అభిప్రాయం.

ఈ అధికారాన్ని వాడే పద్ధతులు ఎన్నో ఉన్నాయి. సాహిత్య విమర్శకురాలు డోరిట్ కోన్ 1978లో వాటిని వర్గీకరించింది. ఆ పారిభాషిక పదాల జోలికి పోకుండా, ఒకే సంఘటనను నాలుగు విధాలుగా రాసి చూద్దాం. రాజేశ్వరి, ఆమె చెల్లెలు ఇద్దరూ రచయిత్రులు అనుకుందాం. చెల్లెలి తొలి నవల అచ్చయింది. మొదటి ప్రతి తెచ్చి అక్క చేతికి ఇచ్చింది.

మొదటి విధం: "రాజేశ్వరి పుస్తకాన్ని రెండు చేతులతో అందుకుని, 'చాలా సంతోషంగా ఉందే' అంది. అట్ట మీది పేరును బొటనవేలితో ఒకసారి తుడిచి, పుస్తకం తెరవకుండానే బల్ల మీద పెట్టింది."

రెండో విధం: "రాజేశ్వరికి సంతోషం కలిగింది. ఆ సంతోషం అడుగున, తనకు తాను సైతం ఒప్పుకోలేని అసూయ ఉంది."

మూడో విధం: "'ఆ అట్ట మీద ఉండాల్సింది నా పేరు' అనుకుంది రాజేశ్వరి."

నాలుగో విధం: "రాజేశ్వరి పుస్తకం అందుకుంది. సంతోషమే మరి. ఎందుకుండదు? చిన్నప్పుడు దానికి వాక్యం రాయడం నేర్పింది తనే. ఎవరు నేర్పారన్నది అట్ట మీద వెయ్యరు కదా."

నాలుగింటిలోనూ జరిగినది ఒకటే, పైకి వినిపించే మాటా దాదాపు ఒకటే. లోపలి సత్యం మాత్రం నాలుగు చోట్లా ఒకటి కాదు. మూడో విధంలో రాజేశ్వరికి తన అసూయ స్పష్టంగా తెలుసు, కనుక ఆమె 'సంతోషంగా ఉంది' అని పైకంటే అది తెలిసి ఆడిన అబద్ధం. రెండో విధంలో ఆమెకు తెలియదు, కథకుడికి తెలుసు. ఆ తీర్పు మీద మనకు అప్పీలు లేదు. మొదటి విధంలో ఎవరూ ఏమీ చెప్పలేదు, బొటనవేలూ తెరవని పుస్తకమూ మాత్రమే ఉన్నాయి. దాన్ని అసూయ అనుకోవచ్చు, కన్నీళ్లు ఆపుకోవడానికి పట్టిన వ్యవధి అనుకోవచ్చు, ఆప్యాయత అనీ అనుకోవచ్చు. నాలుగోదే అన్నిటికంటే చిక్కైనది. 'సంతోషమే మరి' అన్నది ఎవరు? పక్కన 'అనుకుంది' అన్న క్రియ లేదు, 'నేను' లేదు, కాబట్టి వ్యాకరణం ప్రకారం అది కథకుడి వాక్యం. కానీ ఆ 'మరి', ఆ 'కదా', 'దానికి' అన్న చనువు, 'తనే' అన్న ఒత్తు రాజేశ్వరివి. రెండు గొంతులు ఒకే వాక్యంలో ఉన్నాయి. తనకు సంతోషంగా ఉందని తనను తాను ఒప్పించుకుంటున్న మనిషి మాట మనకు వినబడుతోంది, అయినా ఆమె అబద్ధమాడుతోందని ఎవరూ మనకు చెప్పలేదు.

ఫ్లోబేర్ నవలలో పినార్‌ను తప్పుదారి పట్టించింది ఈ నాలుగో పద్ధతే. జేన్ ఆస్టిన్ అంతకు ముందే దీన్ని నేర్పుగా వాడింది, ఫ్లోబేర్ దాన్ని నవల పొడుగునా పరిచాడు. ఆత్మవంచనను చూపడానికి దీనికి మించిన సాధనం గద్యానికి ఇంకా దొరకలేదని నా అభిప్రాయం. పాత్ర భ్రమను ఖండించకుండా, సమర్థించకుండా, ఆ భ్రమ లోపలి వెచ్చదనంతో సహా అది మన ముందుంచుతుంది. ఖండించకపోవడాన్ని సమర్థన అనుకోవడమే ఆ న్యాయవాది పొరపాటు. అయితే ఆయన్ను పూర్తిగా తీసిపారేయడమూ న్యాయం కాదు. తీర్పు చెప్పే బాధ్యతను ఈ పద్ధతి కథకుడి నుంచి పాఠకుడికి బదిలీ చేస్తుందనీ, ఆ బాధ్యతకు సిద్ధంగా లేని పాఠకుడు భ్రమను భ్రమగా గుర్తించకపోవచ్చుననీ ఆయన పడిన భయంలో కొంత వాస్తవం ఉంది.

చెప్పిన మాట, చెప్పని అర్థం: మన అలంకారికుల వాదోపవాదాలు

రాజేశ్వరి ఉదాహరణలోని మొదటి విధం దగ్గర ఒక ప్రశ్న మిగిలింది. ఎవరూ ఏమీ చెప్పనప్పుడు, చెప్పనిది మనకు ఎలా అందుతుంది? ఈ ప్రశ్నను తొమ్మిదో శతాబ్దంలోనే ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం'లో నేరుగా ఎత్తుకున్నాడు. ఆయన చూపిన మొట్టమొదటి ఉదాహరణ మన గోదావరి ఒడ్డుదే. శాతవాహన రాజు హాలుడి పేరు మీదున్న ప్రాకృత 'గాథాసప్తశతి'లోనిది. ఒక స్త్రీ నది ఒడ్డున పొదరింట్లో ప్రియుణ్ని కలుసుకుంటూ ఉంటుంది. అక్కడికి ఒక ధార్మికుడు పూలకోసం వస్తూ వారి ఏకాంతానికి అడ్డవుతాడు. అతనికి అక్కడి కుక్కంటే భయం. ఆమె అతనితో అంటుంది: అయ్యా, ఇక నిశ్చింతగా తిరగవచ్చు, ఆ కుక్కను గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే మదించిన సింహం ఈ రోజు చంపేసింది.

పైకి వినిపించే అర్థం, అంటే వాచ్యార్థం, 'రావచ్చు' అన్న అనుమతి. లోపలి అర్థం, అంటే వ్యంగ్యార్థం, 'రావద్దు' అన్న నిషేధం. వాక్యంలో ఒక్క నిషేధ పదమూ లేదు. ఆనందవర్ధనుడి మాట ప్రకారం ఈ రెండో అర్థం మాటకున్న మామూలు శక్తి వల్ల పుట్టదు, వ్యంజన అనే మరో శక్తి దాన్ని స్ఫురింపజేస్తుంది. ఆ స్ఫురణే ధ్వని.

పదకొండో శతాబ్దానికి చెందిన మహిమభట్టు దీన్ని ఒప్పుకోలేదు. కొత్త శక్తిని కల్పించడం దేనికి, ఇది వట్టి అనుమానమే అన్నాడు. అనుమానం అంటే ఇక్కడ సందేహం కాదు, పొగను చూసి నిప్పును ఊహించే తర్కపద్ధతి. కుక్కకే భయపడే మనిషి సింహమున్న చోట తిరగడు, కనుక ఆ మాట వింటే రాకూడదనే తేలుతుంది. దీనికి మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో ఇచ్చిన జవాబు కథలు చదివేవారందరికీ పనికివచ్చేది. తర్కంలో హేతువు తప్పనిసరిగా నిలబడాలి, ఇక్కడ ఏదీ నిలబడదు అంటాడు ఆయన. పిరికివాడైనా గురువు ఆజ్ఞ వల్లో, ప్రభువు ఆజ్ఞ వల్లో, ప్రియురాలి మీది ప్రేమ వల్లో భయమున్న చోటికి వెళ్లవచ్చు. కుక్కకు జడిసేవాడు అది తాకుతుందనే జడుస్తున్నాడేమో, సింహాన్ని ఎదిరించేంత వీరుడే కావచ్చు. పైగా సింహం ఉన్నదనడానికి ఆమె మాట తప్ప ఆధారం లేదు, ఆమె మాటకు ప్రామాణ్యం లేదు. ఇన్ని సందేహాలున్నా, ఆమె ఉద్దేశం సహృదయుడికి, అంటే రసజ్ఞుడైన పాఠకుడికి, స్ఫురించక మానదు.

ఇది పండితుల మధ్య పదాల తగాదా మాత్రమే అనిపించవచ్చు గానీ, నాకు అలా తోచదు. లోపలి సత్యాన్ని తార్కికంగా రుజువు చేయగలిగితే పాఠకుడు అపరాధ పరిశోధకుడవుతాడు, కథకు ఒకే సరైన జవాబు ఉంటుంది. అది స్ఫురించేదే అయితే, స్ఫురణ ఎంత బలంగా ఉన్నా రుజువు కాదు, మరొకరికి మరోలా స్ఫురించే అవకాశం ఎప్పుడూ మిగిలే ఉంటుంది. హెమింగ్వే తన పద్ధతిని నీటిపైన ఎనిమిదో వంతు మాత్రమే కనిపించే మంచుకొండతో పోల్చిన 1932 నాటి మాట చాలామందికి తెలిసినదే. 1927 నాటి ఆయన కథ ఒకదానిలో రైలు కోసం ఎదురుచూస్తున్న జంట గర్భస్రావం గురించి వాదులాడుకుంటుంది, ఆ పదం మాత్రం కథంతటిలో ఒక్కసారి కూడా రాదు. విషయం ఏమిటన్నదాని మీద పాఠకులకు పెద్దగా సందేహం లేదు, ఆ అమ్మాయి చివరికి ఏం నిర్ణయించుకుంది అన్నదాని మీదే తగువు. ఒకే కథలో మహిమభట్టుకూ మమ్మటుడికీ చెరొక భాగం దక్కింది.

కథ చెప్పేవాడే నమ్మదగనివాడైతే

ఇంతవరకు కథకుడు నిజం చెబుతాడన్న ధీమా మనకు ఉంది. ఆ ధీమా లేని కథల గురించి మాట్లాడడానికి అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ 1961లో ఒక పేరు ఇచ్చాడు, మన విమర్శలో దాన్ని అవిశ్వసనీయ కథకుడు అంటున్నాం. ఇలాంటి కథకుడు అబద్ధాలకోరు కానవసరం లేదు, తన గురించి తనకు తెలియనివాడైనా చాలు.

కజువో ఇషిగురో 1989 నాటి నవల 'ది రిమెయిన్స్ ఆఫ్ ది డే'లో స్టీవెన్స్ ఒక ప్రభువు ఇంట ప్రధాన సేవకుడు. కథంతా ఆయనే చెబుతాడు. 1923లో ఆ భవనంలో ఒక అంతర్జాతీయ సమావేశం జరుగుతున్న రాత్రి, మేడ మీద గదిలో ఆయన తండ్రి మరణిస్తాడు. స్టీవెన్స్ అతిథులకు మద్యం అందిస్తూనే ఉంటాడు. తనకు దుఃఖం కలిగిందని ఒక్క మాట చెప్పడు. అయితే అతిథి ఒకరు ఒంట్లో బాగానే ఉందా అని అడుగుతాడు. ఆ ఇంటి ప్రభువు, నువ్వు ఏడుస్తున్నట్టున్నావే అంటాడు. స్టీవెన్స్ నవ్వి, చేతిరుమాలుతో గబగబా ముఖం తుడుచుకుని, రోజంతా పడ్డ శ్రమ వల్ల అంటాడు. కన్నీటి సంగతి మనకు చెప్పింది స్టీవెన్సే, కానీ వేరొకరి మాటను నమోదు చేస్తూ మాత్రమే చెప్పాడు. తన నోటితో చెప్పుకోలేనిది ఇతరుల నోట చెప్పించాడు. ఇందులో ఆయన ఎవరినీ మోసగించలేదు. హుందాతనమే వృత్తిధర్మమని నమ్మిన మనిషి తన కథను చెప్పుకోగలిగిన పద్ధతి అది ఒక్కటే.

ఇలాంటి చోట సత్యం ఏదో నిర్ణయించేదెవరు? కథకుడి విలువలకూ, రచన మొత్తం వెనక మనం ఊహించుకునే రచయిత విలువలకూ మధ్య ఉన్న దూరమే కొలబద్ద అన్నాడు బూత్. సాహిత్య సిద్ధాంతకర్త తమర్ యాకోబీ 1981లో దీన్ని మరో వైపు నుంచి చూసింది: అవిశ్వసనీయత అనేది పుస్తకంలో పొదిగి ఉన్న గుణం కాదు, వాక్యాల మధ్య పొంతన కుదరనప్పుడు పాఠకుడు చేసుకునే ఊహ. పొంతన కుదరకపోవడానికి రచయిత పొరపాటు కారణం కావచ్చు, ఆ కథాప్రక్రియ ఆచారం కారణం కావచ్చు, కథకుడి లోపమూ కావచ్చు. వీటిలో ఒకదాన్ని పాఠకుడు ఎంచుకుంటాడు. బూత్ మాట వింటే రచనకు ఒక లంగరు దొరుకుతుంది. యాకోబీ మాట వింటే, ఒకే కథకుణ్ని ఒక కాలం నమ్మి, మరో కాలం అనుమానించడం ఎలా సాధ్యమవుతోందో అర్థమవుతుంది. రెండూ అవసరమైనవే. పాత రచనలను మళ్లీ చదివేటప్పుడు మాత్రం రెండోదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

లోపలిదే సత్యమని ఎవరన్నారు?

ఇంతసేపూ ఒక సంగతిని ప్రశ్నించకుండా వదిలేశాం. పైకి కనిపించేది అబద్ధం, లోపల దాగినది సత్యం అన్న విభజన. దీన్ని అందరికంటే గట్టిగా పలికిన పాత్ర బహుశా చేహోవ్ 1899 నాటి కథ 'కుక్కపిల్లతో ఉన్న మహిళ'లోని గూరొవ్. అతనికి రెండు జీవితాలు: అందరికీ తెలిసిన ఉద్యోగం, కుటుంబం, క్లబ్బు ఒకటి, ఆనాతో రహస్య ప్రేమ మరొకటి. తనకు ముఖ్యమైనది, తాను నిజాయితీగా ఉన్నది అంతా రహస్యంలో సాగుతోందనీ, తనలోని అబద్ధమంతా బాహాటంగా ఉందనీ అతనికి తోస్తుంది. ప్రతి మనిషి అసలు జీవితమూ ఇలాగే రాత్రి చీకటి చాటున నడుస్తుందని కూడా అనుకుంటాడు. ఈ భాగాన్ని చేహోవ్ సిద్ధాంతంగా ఎత్తిరాసేవారు చాలామంది.

కానీ ఆ ఆలోచన అతనికి వచ్చిన సందర్భం చూడండి. మంచు కురుస్తున్న ఉదయం, ఆనా దిగిన హోటలుకు వెళుతూ, దారిలో కూతుర్ని బడి దగ్గర దింపడానికి నడిపించుకు వెళుతున్నాడు. సున్నాకు మూడు డిగ్రీలు పైన ఉన్నా మంచు ఎందుకు పడుతోందో పాపకు వివరిస్తున్నాడు: వెచ్చదనం నేల మీదనే ఉంటుంది, వాతావరణపు పై పొరల్లో ఉష్ణోగ్రత పూర్తిగా వేరు అని. చలికాలంలో ఉరుములు ఎందుకు రావని పాప అడిగితే అదీ చెబుతాడు. ఇంత ఓపికగా కూతురికి సమాధానాలు చెబుతున్న ఈ తండ్రి కూడా అబద్ధమేనా? అతని లెక్క ప్రకారం ఇది బాహాట జీవితం, కనుక అబద్ధం. చదివేవారికి మాత్రం ఆ మాటల్లో నటన కనిపించదు. పైగా చేహోవ్ ఒక చిన్న వాక్యం కలిపాడు: అతను తనను బట్టి ఇతరులను అంచనా వేసేవాడని. అంటే లోపలిదే సత్యమన్న సిద్ధాంతం గూరొవ్‌ది, కథది కానక్కరలేదు. ఆ సిద్ధాంతాన్ని కథ అతని చేతికిచ్చి, పక్కన ఒక చిన్నపిల్లను నడిపించింది.

బయటిదానికి గౌరవం ఇవ్వాలన్న వాదనలు ఇరవయ్యో శతాబ్దంలో బలపడ్డాయి. మనిషి అంటే అతను చేసిన పనుల మొత్తమే, చేయని పనుల వెనక దాచుకున్న గొప్ప అంతరంగానికి విలువ లేదన్నది ఫ్రెంచ్ తత్త్వవేత్త సార్త్ర్ ధోరణి. ఫ్రెంచ్ నవలాకారుడు అలేన్ రోబ్-గ్రియే మరో అడుగు ముందుకేసి, వస్తువుల అడుగున, మనుషుల అడుగున ఏదో లోతు ఉంటుందనే నమ్మకమే నవలను పాడుచేసిందన్నాడు. సూత్రంగా ఇది పదునైనదే. ఆచరణలో మాత్రం ఆయన 1957 నాటి నవల 'ఈర్ష్య'లో కిటికీలను, అరటితోటలను, గోడ మీది మరకను లెక్కకట్టినట్టు వర్ణిస్తున్నకొద్దీ, ఆ చూపు వెనకున్న మనిషి అసూయే పాఠకుడికి స్ఫురిస్తూ పోతుంది.

అకుతగావ ర్యూనొసుకే 1922లో రాసిన 'పొదలో' కథ సమస్యను ఇంకో కొసకు తీసుకెళ్లింది. ఒక హత్య గురించి ఏడుగురు సాక్ష్యమిస్తారు. 1950 నాటి కురొసావా సినిమా 'రషోమాన్' కథకు ఆధారం ఇదే. ఏది నిజమో కథ చెప్పదు. సాధారణంగా దీన్ని 'ఎవరి సత్యం వారిది' అన్న మాటతో ముగించేస్తారు, అది తొందరపాటు. ముఖ్యులైన ముగ్గురు, అంటే దొంగ, భార్య, పూనకం ద్వారా మాట్లాడే మృతుడైన భర్త, నేరాన్ని ఇతరుల మీదకు నెట్టరు. దొంగ తానే చంపానంటాడు, భార్య తానే చంపానంటుంది, భర్త తానే పొడుచుకున్నానంటాడు. శిక్ష తప్పించుకోవడానికి ఆడే అబద్ధాలు ఇలా ఉండవు. దొంగకు వీరుడిగా కనిపించడం కావాలి, భార్యకు అవమానంతో దహించుకుపోయినదానిగా, భర్తకు గౌరవం కోసం ప్రాణం విడిచినవాడిగా కనిపించడం కావాలి. జరిగినదేమిటో మనకు ఎన్నటికీ తెలియదు, కానీ ఎవరు ఏ ముసుగు ఎంచుకున్నారో తెలుసు. ఆ ఎంపిక వారి లోపలి నుంచే వచ్చింది. ముఖానికీ ముసుగుకూ మధ్య మనం గీసుకున్న గీత ఇక్కడ పనిచేయదు.

అంతరంగం వినిపించని చోట

కథకుడికున్న అధికారం నాటకానికి లేదు. రంగం మీద 'ఆమెకు అసూయ కలిగింది' అని చెప్పేవారు ఉండరు. అందుకే సంస్కృత నాట్యసంప్రదాయం పాత్ర తనలో తాను అనుకునే మాటకు స్వగతమనీ, కొందరికే వినిపించేలా అనే మాటకు జనాంతికమనీ ఏర్పాట్లు చేసుకుంది. 'కన్యాశుల్కం' గిరీశం స్వగతంతోనే మొదలవుతుంది. అతని లోపలి లెక్కలు మొదటి నిమిషం నుంచే మనకు తెలుసు కనుక, తర్వాత అతను వెంకటేశానికి, బుచ్చమ్మకు, సౌజన్యారావు పంతులుకు చెప్పే ప్రతి మాటనూ రెండు చెవులతో వింటాం.

1897లో అచ్చయి, 1909లో బాగా పెంచి తిరగరాసిన ఈ నాటకంలో దాపరికాల మీద దాపరికాలు ఉన్నాయి. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధానులుకు పెళ్లికూతురిగా అమ్ముతాడు, అది మారువేషం. గిరీశం సంస్కర్త, అది ముసుగు. డబ్బు పుచ్చుకుని చిన్నపిల్లలను ముసలివాళ్లకు కట్టబెట్టే ఆచారపరులు తాము ధర్మం తప్పలేదనే నమ్ముతారు, అది ఆత్మవంచన. వీటిలో దేనికీ లొంగనిది మధురవాణి. ఆమె వృత్తి వల్ల లోకం ఆమెకు ఒక ముఖం తగిలించింది. దాన్ని ఆమె తొడుక్కోలేదు, దాచుకోవడానికీ ప్రయత్నించలేదు. ఆమె మనసు మనకు తెలిసేది ఎక్కువగా చేసే పనుల వల్లనే.

పెళ్లికూతురు మాయమవడంతో లుబ్ధావధానులు మీద హత్యానేరం పడుతుంది. ఆ పెళ్లికూతురు అసలు ఆడపిల్లే కాదన్న సంగతి తెలిసిన మధురవాణి, వకీలు సౌజన్యారావు ఇంటికి వెళుతుంది, అదీ మగవేషంలో. సౌజన్యారావు నిజంగా మంచివాడు, అందులో ముసుగు లేదు. అయితే వేశ్యలతో మాటామంతీ పెట్టుకోనన్నది ఆయన నియమం. ఆమె తన రూపంలో వస్తే ఒక నిర్దోషిని కాపాడే వాస్తవం ఆయన చెవిన పడేదే కాదు. మగవాడి వేషంలో ఉన్న మనిషితో ఆయన ధర్మాధర్మాలు చర్చిస్తాడు, ఆ తెలివికి ముచ్చటపడతాడు. ఆ తర్వాత ఆమె తానెవరో బయటపెడుతుంది, గిరీశం నిజస్వరూపం బయటపడడానికీ ఆమే కారణమవుతుంది. మామూలు మారువేషపు కథలో వేషం తొలగితే, వేసుకున్నవారి సంగతి ఎదుటివారికి తెలుస్తుంది. ఇక్కడ సంభాషణ అంతా విన్న మనకు మధురవాణి గురించి కొత్తగా తెలిసింది చాలా తక్కువ, ఆమె ఎలాంటిదో అప్పటికే చూశాం. వేషం తొలగినప్పుడు తెలిసింది సౌజన్యారావు గురించి: నియమం పేరుతో ఆయన ఇన్నేళ్లూ ఎవరి మాట వినకుండా వచ్చాడో.